నాలుగో నంబరు గది పిలుపు

బాలరాజుది పెద్ద గొంతు. పడుచు రోజుల్లో నాంపల్లి స్టేషన్ బయట ఆటోల దగ్గర నిలబడి "కోఠీ, చాదర్‌ఘాట్, మలక్‌పేట" అని కేకేస్తే, అప్పుడే రైలు దిగి ఇంకా ప్లాట్‌ఫారం మీదే ఉన్న జనం అటు తిరిగి చూసేవాళ్లు. ఆ గొంతు తండ్రి వెంకటనర్సయ్య నుంచి వచ్చింది. ఆయన దేవరకొండ దగ్గర పల్లెలో కూలి చేసుకుంటూ, ఊరికి చాటింపు కూడా వేసేవాడు. రేషన్ బియ్యం వచ్చినా, పశువుల డాక్టరు వచ్చినా ఆయన నోటి నుంచే ఊరికి తెలిసేది.

ఒకరోజు స్టేషన్ వెనక గల్లీలోని పాత ట్రస్టు దవాఖాన మేనేజరు ఆటో కోసం వచ్చి బాలరాజు కేక విన్నాడు. "మా దగ్గర పేషెంట్లను పిలిచే మనిషి లేడు. వస్తవా?" అని అడిగాడు. అప్పుడు బాలరాజుకు ముప్పై రెండేళ్లు. ఇప్పుడు యాభై ఆరు. ఈ ఇరవై నాలుగేళ్లూ చర్మరోగాల విభాగం హాల్లో, తలుపు పక్కన అదే స్టూలు మీద గడిచిపోయాయి.

ఆ హాలంటే అతనికి ప్రాణం. నిజాం కాలం నాటి కట్టడం. పైకప్పు ఎక్కడో ఉంటుంది. గోడల పైభాగాన రంగుటద్దాల కిటికీలు. పదకొండు దాటాక ఎండ వాటిలోంచి దిగి బెంచీల మీద ఎర్రగా, పచ్చగా, నీలంగా పరుచుకునేది. గోక్కుంటూ కూర్చున్న ముసలాయన భుజం మీద ఒక ఎర్ర ముక్క, చంటిపిల్ల పాదాల మీద ఒక పచ్చ ముక్క. అవి జరుగుతూ జరుగుతూ మధ్యాహ్నానికి గోడెక్కి మాయమయ్యేవి. బాలరాజు చేతిలో కాగితాలు పట్టుకుని వాటినే చూస్తూ ఎటో వెళ్లిపోయేవాడు. లోపలి నుంచి గంట మోగితే ఉలిక్కిపడి, పైన ఉన్న కాగితం తీసి చదివేవాడు. పేరు, తండ్రి పేరో భర్త పేరో, బస్తీ పేరు, చివర్న గది నంబరు. ఆ గొంతు హాలంతా తిరిగి, పైకప్పుకు తగిలి, మళ్లీ కిందికి వచ్చేది. తన పేరు వినపడక వరస పోగొట్టుకున్న మనిషి ఒక్కడు కూడా లేడని బాలరాజు గర్వంగా చెప్పుకునేవాడు.

గదులు నాలుగు. ఒకటిలో డాక్టరు, రెండులో కట్లు, మూడులో దురదలకూ తామరకూ మందులు. నాలుగు గుప్తరోగాలకు. దాని మీద బోర్డు లేదు, సగం తలుపు, దానికొక పచ్చ కర్టెన్ ఉండేవి. బోర్డు అవసరం కూడా లేదు. నాలుగో నంబరు అంటే ఏమిటో బెంచీల మీద అందరికీ తెలుసు.

రెండేళ్ల కిందట జూన్‌లో డాక్టర్ అనురాధ ఆ విభాగంలో చేరింది. ముప్పై అయిదేళ్లుంటాయి. తక్కువ మాట్లాడుతుంది, ఎక్కువ రాసుకుంటుంది. చేరిన నెలకు పెద్ద డాక్టరు రాధాకృష్ణమూర్తిని ఒక ప్రశ్న అడిగింది. బాలరాజు టీ గ్లాసులు పట్టుకుని అక్కడే ఉన్నాడు.

"సర్, నాలుగో గదిలో పులిపిర్లకు మనం చేసే వైద్యం పనిచేస్తోందా?"

"ఎందుకు చెయ్యదమ్మా? ముప్పై ఏళ్లుగా చేస్తున్నా."

"తగ్గినట్టు మనకెలా తెలుస్తోంది?"

"తగ్గకపోతే మళ్లీ వస్తారుగా."

"మళ్లీ ఎంతమంది వస్తున్నారో ఎప్పుడైనా చూశామా సర్?"

పెద్ద డాక్టరు గ్లాసు కింద పెట్టాడు. తర్వాత నవ్వి, "చూడు మరి. బాలరాజు కాగితాలు తీసిస్తాడు" అన్నాడు.

మర్మావయవాల దగ్గర లేచే పులిపిర్లు ఒక్కసారి మందు పెడితే పోయేవి కావు. అది ఒక వైరస్. ఒకరి నుంచి ఒకరికి అంటుతుంది. అంటిన తర్వాత నెలలు, ఒక్కోసారి ఏళ్లు, ఏమీ కనపడకుండా ఒంట్లో దాక్కుంటుంది. ఆ దవాఖానలో పెట్టేది గోధుమరంగు మందు. పెట్టిన నాలుగు గంటలకు కడిగెయ్యాలి, లేదంటే చర్మం కాలుతుంది. కడుపుతో ఉన్నవాళ్లకు అసలు పెట్టకూడదు. వారం వారం వచ్చి మళ్లీ పెట్టించుకోవాలి. అంటే ఆ వైద్యంలో సగం బలం మందుది, మిగతా సగం మనిషి తిరిగి రావడానిది.

బాలరాజు రికార్డు గదిలోంచి వెనకటి వంద కేసు కాగితాలు వెతికి తెచ్చాడు. మూడు మధ్యాహ్నాలు, ఓపీ అయిపోయాక, కట్ల గదిలో ముగ్గురూ కూర్చున్నారు. డాక్టర్ అనురాధ ఒక పెద్ద కాగితం మీద గళ్లు గీసింది. మందు ఎప్పుడు కడగాలో చెప్పినట్టు రాసి ఉందా? హెచ్ఐవీకి, సిఫిలిస్‌కు రక్తపరీక్ష చేయించారా? ఆడవాళ్లను గర్భం సంగతి అడిగారా? జంటలో రెండో మనిషి గురించి మాట్లాడారా? మళ్లీ వచ్చారా? మూడు నెలల్లో పోయాయా? బాలరాజు కాగితం చూసి చెప్పడం, సిస్టర్ శశికళ గడిలో టిక్కు పెట్టడం. శశికళది చార్‌కమాన్‌లో తరాలుగా ఉన్న కుటుంబం. గట్టి మనిషి, చేతి రాత ముత్యాల్లా ఉంటుంది.

ఫ్యాను మెల్లగా తిరిగేది. బయట స్టేషన్‌లో ఏదో రైలు గురించి ఆడగొంతు మూడు భాషల్లో చెప్తుండేది. బాలరాజుకు ఆ పేర్లు చదువుతుంటే నిద్రకూ మెలకువకూ మధ్య ఎక్కడో తేలుతున్నట్టు ఉండేది. ప్రతి పేరూ ఒకప్పుడు తన నోట పలికిందే. మొహాలు మాత్రం గుర్తురావడం లేదు.

మూడో రోజు సాయంత్రం లెక్క తేలింది. కడగమని చెప్పినట్టు రాసి ఉన్నవి ఇరవై రెండు. రక్తపరీక్ష ముప్పై అయిదు. నలభై ఒక్కమంది ఆడవాళ్లలో గర్భం సంగతి అడిగింది తొమ్మిదిమందిని. రెండోసారి వచ్చినవాళ్లు ముప్పై ఎనిమిది. పూర్తిగా పోయాయని రాసి ఉన్నవి పద్నాలుగు.

"మిగిలినోళ్లకు తగ్గిందా మేడం?" అని అడిగాడు బాలరాజు.

"తెలీదు."

ఆ మాట ఆమె మామూలుగానే అంది. కానీ శశికళ పెన్నుకు మూతపెట్టి కిటికీ వైపు చూసింది.

మర్నాడు రాధాకృష్ణమూర్తి ఆ పెద్ద కాగితాన్ని చాలాసేపు చూశాడు. కోపం వస్తుందేమోనని బాలరాజు భయపడ్డాడు. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "ఈ వంద కాగితాల మీదా సంతకాలు నావేనమ్మా" అన్నాడు. కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని, "ఏం చేద్దామో చెప్పు. నేను చేస్తా" అన్నాడు.

ముందు, రాకుండా పోయిన అరవై రెండు మందికి ఫోన్ చేద్దామంది ఆమె. చీటీ రాయించుకునేటప్పుడే ఫోన్ చెయ్యొచ్చని వాళ్లు ఒప్పుకుని ఉన్నారు. ఆడవాళ్లకు శశికళ, మగవాళ్లకు బాలరాజు. ఎలా మాట్లాడాలో ఆమె ఇద్దరికీ కూర్చోబెట్టి చెప్పింది. ముందు ఆ మనిషే అవునో కాదో కనుక్కోవాలి. పక్కన ఎవరైనా ఉన్నారా అని అడగాలి. జబ్బు పేరు మనంతట మనం ఎత్తకూడదు.

"బాలరాజు గారూ, మీరు చెవిలో చెప్పినట్టు చెప్పాలి."

అతను సిగ్గుపడుతూ ప్రయత్నించాడు. మొదటిసారి గొంతు మామూలుగానే వచ్చింది. శశికళ నవ్వింది. పదోసారికి అతనికే తెలియని ఒక సన్నని గొంతు బయటికొచ్చింది. తనలో అలాంటిది ఒకటుందని అతనికి యాభై నాలుగేళ్ల వయసు దాకా తెలియదు.

రికార్డు గదిలో, పాత ఫైళ్ల మధ్య స్టూలు వేసుకుని రోజుకు అయిదారుగురికి చేసేవాడు. కొందరు ఎత్తలేదు. కొందరు తప్పు నంబరన్నారు. ఒకాయన తగ్గిపోయిందని థాంక్స్ చెప్పాడు. ఆరో రోజు శశికిరణ్ అనే అబ్బాయి ఎత్తాడు. ఇరవై ఏడేళ్లు, అబిడ్స్‌లో ఫోన్లు బాగుచేసే షాపులో పని అని కాగితం మీద ఉంది.

"నమస్తే సార్. శశికిరణ్ గారేనా? జర రెండు నిమిషాలు మాట్లాడొచ్చా? పక్కన ఎవరన్న ఉన్నరా?"

"ఎవరు మీరు?"

"నాంపల్లి ట్రస్టు దవాఖాన నుంచి సార్. ఇబ్బందయితే పెట్టేస్త."

మెట్లు దిగుతున్న చప్పుడు, హారన్లు. "ఆఁ, ఇప్పుడు చెప్పండి."

"మీరు ఫిబ్రవరిల ఒకసారి వచ్చిన్రు. మల్ల రాలే. ఎట్లున్నది, ఏమన్న తక్లీఫ్ అయిందా అని డాక్టరమ్మ అడగమన్నది."

"నేను మందు పెట్టించుకోనే లేదు అన్నా. పెట్టించుకోకుండనే పోయిన."

"ఎందుకు సార్?"

"మీ దగ్గర తలుపు కాడ ఒకాయన ఉంటడు చూడు, గొంతు మస్తు పెద్దది. నా పేరు, మా నాయన పేరు, మా బస్తీ పేరు అన్నీ చదివి నాలుగో నంబర్ అని ఒర్లిండు. మా గల్లీ కిరాణం ఆయన అదే బెంచీ మీద ఉన్నడు, తామర మందు కోసమొచ్చి. నా దిక్కు జూసి నవ్విండు. నేను లేచి లోపలికి పోలే, బయటికి పోయిన."

అవతలి మనిషికి చెప్పుకోవాలని ఎంతకాలంగా ఉందో, మాటలు వాటంతట అవే వస్తున్నాయి.

"లాడ్జి పక్కన ఒకడుంటే వాని దగ్గరికి పోయిన. ఏందో నీళ్లలెక్క పోసిండు. కాలింది అన్నా. రెండు నెలలు మంచిగ కూసోలే. మా ఇంట్ల సంబంధం ఒకటి మాట్లాడుకున్నరు, నేనే వద్దన్న. ఎందుకంటే ఏం చెప్పాలె? పుండు మానింది గని, పక్కనే మల్ల లేసినయి."

"మల్ల రాండి సార్. కొత్త డాక్టరమ్మ వచ్చింది. మంచిగ చూస్తది."

"ఆ మనిషి ఆడున్నంత వరకు రాను." అన్నాడు అతను. "మీరు మంచిగ మాట్లాడుతున్నరు. మీలాంటోళ్లను పెట్టాలె తలుపు కాడ."

ఫోన్ ఎప్పుడు పెట్టేశాడో బాలరాజుకు గుర్తులేదు. ఆ సాయంత్రం బస్సెక్కకుండా నడిచాడు. స్టేషన్ రోడ్డు దాటి అబిడ్స్ మీదుగా, పెద్ద పోస్టాఫీసు ముందు నుంచి. బట్టల షాపుల ముందు అమ్మేవాళ్లు చప్పట్లు కొడుతూ జనాన్ని పిలుస్తున్నారు. అతనికి ఏదీ సరిగ్గా వినపడడం లేదు. నీళ్లలో మునిగి నడుస్తున్నట్టుంది. ఎదురొచ్చే ప్రతి మొహమూ తను ఎప్పుడో పిలిచిన మొహంలా ఉంది. ఇరవై రెండేళ్ల పేర్లు ఆ హాలు కప్పు కింద ఇంకా తిరుగుతున్నట్టు, కిందికి దిగడానికి చోటు లేక రంగుటద్దాలకు కొట్టుకుంటున్నట్టు అనిపించింది. ఇన్నాళ్లూ అవి మనుషులకు అందాయనే అనుకున్నాడు. అందిన మాట నిజమే. ఆ పేరుగల మనిషికన్నా ముందు పక్కవాళ్లకు అందాయి.

చాదర్‌ఘాట్‌లో, మూసీ వైపు గల్లీలో అతనిది ఒక గది ఇల్లు. భార్య పూలమ్మ దగ్గరలోని ఒక స్కూల్లో వంట చేస్తుంది. ఆమె పళ్లెం ముందు పెట్టి, "ఏందయ్యా, గొంతు పోయిందా? వచ్చినప్పటి సంది ఒక్క మాట లేదు" అంది.

"ఔ. పోయింది" అన్నాడు.

రెండు రోజులు హాల్లో పేర్లు పిలవలేదు. గొంతు నొప్పి అని చెప్పి కాగితాలు శశికళకు ఇచ్చేశాడు. మూడో రోజు ఓపీ అయ్యాక డాక్టర్ అనురాధ గది ముందు నిలబడ్డాడు. ఆమె లోపలికి రమ్మని కుర్చీ చూపించింది. ఇరవై రెండేళ్లలో అతను ఆ గదిలో కూర్చోవడం అదే మొదటిసారి.

"మేడం, వాళ్లెందుకు వస్తలేరో నాకు తెలిసింది. నా గొంతు జేసిందది."

మొత్తం చెప్పాడు. ఆమె మధ్యలో అడ్డురాలేదు. చివర్న బల్ల మీది కాగితం ఒకటి అతని వైపు తిప్పింది.

"శశికళతో ఎనిమిదిమంది ఆడవాళ్లు ఇదే చెప్పారు. మీరు బాధపడతారని ఆమె మీకు చెప్పలేదు."

బాలరాజు తల వంచుకున్నాడు.

"బాలరాజు గారూ, ఆ కాగితం మీద తండ్రి పేరు, బస్తీ పేరు రాసింది ఎవరు?"

"చీటీ కౌంటరోళ్లు."

"ఆ గదిని విడిగా పెట్టింది?"

"దవాఖాన."

"ఎలా పిలవాలో మీకు ఎవరైనా చెప్పారా?"

"లేదు మేడం. వినపడేటట్టు పిలవమన్నరు. పిలిచిన."

"అంతే. ఇందులో మీదొక్కరిదే తప్పని నేను రాయను. కానీ మీ పిలుపు వల్ల కూడా జరిగిందని రాస్తాను. సరేనా?"

"రాయండి మేడం" అన్నాడు. ఆ మాట అన్నాక గుండెల మీది బరువు కొంచెం తగ్గింది. ఆమె ఊరికే ఓదార్చి పంపేసి ఉంటే అది తగ్గేది కాదు.

ఏం మార్చాలో మాట్లాడుకున్న రోజు పెద్ద డాక్టరు కూడా వచ్చాడు. నాలుగో నంబరు గదిని తీసేద్దామని బాలరాజే అన్నాడు. "తామర అయినా, పులిపిర్లయినా అందరూ ఒక్క తలుపులకెల్లే పోవాలె సార్. లోపల ఎవలెటు పోతరో బెంచీ మీదోనికి తెల్వొద్దు." అలాగే చేశారు. గదుల మధ్య గోడలో తలుపు పెట్టించారు. పచ్చ కర్టెన్ తీసేసి అసలైన చెక్క తలుపు బిగించారు. పేర్లకు బదులు టోకెన్లు. పులిపిర్లు అంటే ఏమిటో, అవి క్యాన్సరు కావని, మందు ఎప్పుడు కడగాలో, మళ్లీ ఎందుకు రావాలో తెలుగులోనూ ఉర్దూలోనూ ఒక చిన్న కాగితం అచ్చేయించారు. చదవలేనివాళ్లకు శశికళ చదివి వినిపించేది. ప్రతి కేసు కాగితం మీదా అడగాల్సిన ప్రశ్నలన్నీ రబ్బరు స్టాంపుతో పడేవి. వాటికి జవాబు రాయకుండా సంతకం పెట్టనని రాధాకృష్ణమూర్తి తనకు తానే నియమం పెట్టుకున్నాడు.

మంగళ, శుక్రవారాల్లో ద్రవ నత్రజని రావడం మొదలైంది. పులిపిరిని గడ్డకట్టించి రాల్చేసే వైద్యం అది. కడుపుతో ఉన్నవాళ్లకు కూడా చెయ్యొచ్చు. దాని పెద్ద డబ్బాను లోపలికి తెచ్చే పని బాలరాజుది. మూత తీస్తే తెల్లని పొగ అంచు దాటి, నేల మీదికి జారి, మనిషి పాదాల చుట్టూ తిరిగి ఎటో వెళ్లిపోయేది. చలికాలం తెల్లవారుజామున మూసీ మీద లేచే మంచులా ఉందనుకునేవాడు. శశికళ "అన్నా, మూత" అనేదాకా దాన్ని చూస్తూ నిలబడేవాడు.

ఇంత జరిగినా శశికిరణ్ మాట అతన్ని వదల్లేదు. ఒకరోజు మధ్యాహ్నం అన్నం తినకుండా అబిడ్స్ పోయాడు. షాపు పేరు కాగితం మీద ఉంది కనుక వెతుక్కోవడం కష్టం కాలేదు. రోడ్డుకు ఇటువైపు నిలబడి చూశాడు. లోపల దీపం కింద తల వంచి ఒక అబ్బాయి సన్నని పనిముట్టుతో ఏదో విప్పుతున్నాడు. పక్కన ఇంకో ఇద్దరు. రోడ్డు దాటబోయి ఆగాడు. తను పోయి పిలిస్తే, ఈయన ఎవరని పక్కవాళ్లు అడుగుతారు. అప్పుడా అబ్బాయి ఏదో ఒక అబద్ధం వెతుక్కోవాలి. మళ్లీ అదే పని చెయ్యబోయాననుకున్నాడు. గిర్రున తిరిగి దవాఖానకు నడిచాడు.

ఆ సాయంత్రం రికార్డు గదిలోంచి ఫోన్ చేశాడు.

"సార్, నేను దవాఖాన నుంచి. పోయినసారి మాట్లాడిన."

"ఆఁ అన్నా, గుర్తుపట్టిన."

"మీకొకటి చెప్పాలె. ఆ పెద్ద గొంతు మనిషిని నేనే."

ఫోన్ ఇంకో చెవికి మార్చుకుని మళ్లీ తనే అన్నాడు.

"మీరు తిట్టుండ్రి, వింట. ఇప్పుడు ఆ పేర్లు పిలిచుడు లేదు. ఆ గది గూడ లేదు. ఇదంత మీరు రావాలని చెప్తలేను. చెప్పకుంటే నాకు ఊపిరాడుతలేదు, గందుకు."

ఫోన్ కట్ అయింది.

పదకొండు రోజుల తర్వాత, ఒక శుక్రవారం, పన్నెండో టోకెన్ పట్టుకుని శశికిరణ్ బెంచీ చివర కూర్చుని ఉన్నాడు. తలెత్తలేదు. బాలరాజు గుర్తుపట్టాడు కానీ గుర్తుపట్టినట్టు కనపడలేదు. వరస వచ్చినప్పుడు దగ్గరికి వెళ్లి, కొద్దిగా వంగి, "పన్నెండు" అన్నాడు. ఆ అబ్బాయి కళ్లెత్తి ఒక్క క్షణం అతని మొహం చూశాడు. లేచి లోపలికి నడిచాడు.

లోపల డాక్టర్ అనురాధ పాత కాలిన మచ్చలు చూసింది, రక్తపరీక్షకు రాసింది. "ఇది నాకు ఎవరి నుంచి వచ్చింది మేడం?" అని అడిగాడట అతను. మూడేళ్ల కిందట ఒక అమ్మాయితో స్నేహం ఉండేదట. డాక్టర్ అనురాధ చెప్పిన జవాబు శశికళ తర్వాత చాలామందికి అదే మాటల్లో చెప్పేది. "ఎవరి నుంచి వచ్చిందో, ఎప్పుడు వచ్చిందో చెప్పే పరీక్ష లేదు. అది ఏళ్లకేళ్లు దాక్కుంటుంది. ఎవరి మీదా నేరం వెయ్యకండి, మీ మీద కూడా. కానీ పెళ్లి మాట వస్తే, చేసుకోబోయే అమ్మాయికి చెప్పండి. కావాలంటే నా దగ్గరికి ఇద్దరూ కలిసి రండి."

నత్రజనితో నాలుగుసార్లు గడ్డకట్టించారు. పోయాయి. రెండు నెలలకు ఒకటి మళ్లీ లేచింది. అలా లేవడం మామూలేనని ముందే చెప్పి ఉన్నారు కనుక అతను ఈసారి లాడ్జి వైపు పోలేదు, నేరుగా వచ్చాడు. మొత్తం ఏడు నెలలు పట్టింది. చివరిసారి వెళ్తూ తలుపు దగ్గర ఆగాడు.

"అన్నా, మీ ఫోన్ అద్దం పగిలింది చూసుకున్నరా? షాపుకు రాండి. వేసిస్త."

"షాపుకు రావచ్చా?" అని అడిగాడు బాలరాజు.

"రాండి. ఎవరన్న అడిగితే మా అన్న అని చెప్త."

ఏడాది నిండాక మళ్లీ వంద కాగితాలు తీశారు. అవే గళ్లు, అదే కట్ల గది. రెండోసారి వచ్చినవాళ్లు డెబ్బై ఒక్కమంది. రక్తపరీక్ష తొంభై మూడు. కడగమని చెప్పడం అన్నిటి మీదా ఉంది. గర్భం సంగతి అడగనివి రెండే. మూడు నెలల్లో పూర్తిగా పోయినవి యాభై రెండు. పోయి మళ్లీ వచ్చినవి పందొమ్మిది. ఆ రక్తపరీక్షల్లో ముగ్గురికి వేరే జబ్బులు బయటపడి సమయానికి మందు మొదలైంది. జంటలో రెండో మనిషిని తీసుకొచ్చినవాళ్లు మాత్రం పదిహేడే. రాధాకృష్ణమూర్తి స్వీట్ల డబ్బా తెప్పించాడు. డాక్టర్ అనురాధ ఒక ముక్క తీసుకుని, "ఇంకా ఇరవై తొమ్మిదిమంది రాలేదు సర్. ఈ పదిహేడు కూడా చాలా తక్కువ" అంది. ఆయన పెద్దగా నవ్వాడు. "నిన్ను సంతోషపెట్టడం నావల్ల కాదమ్మా" అని ఇంకో ముక్క ఇచ్చాడు.

ఆ ఏడాదిలో బాలరాజు ఇంట్లో కూడా మెల్లగా మాట్లాడడం అలవాటైంది. పూలమ్మకు మొదట్లో అది వింతగా ఉండేది. ఒక ఆదివారం బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండానే అంది.

"నాకు ఏడాది సంది తెల్లబట్ట అయితున్నది. నడుము గుంజుతది."

"ఏడాది సందా? నాకెందుకు చెప్పలే?"

"నీకు జెప్తే గల్లీ అంత ఇంటది. ఇప్పుడు ఇనదని చెప్తున్న."

అతను నవ్వలేకపోయాడు. అన్ని వేల మంది పేర్లు చదివిన మనిషికి, ఒకే గదిలో ముప్పై ఏళ్లు కలిసున్న ఆడమనిషి నొప్పి తెలియలేదు. మర్నాడు ఆమెతో స్కూల్లో సెలవు పెట్టించి దవాఖానకు తీసుకుపోయాడు. మామూలు మనిషిలా చీటీ కౌంటర్ దగ్గర వరసలో నిలబెట్టాడు. ఆడవాళ్ల విభాగంలో గర్భాశయ ముఖద్వారం పరీక్ష చేసి, వారం ఆగి రమ్మన్నారు. ఆ వారం అతను సరిగ్గా నిద్రపోలేదు. పరీక్ష బాగానే వచ్చింది. మామూలు ఇన్ఫెక్షన్, మాత్రలతో పోతుందన్నారు.

రిపోర్టు చేతికొచ్చేసరికి ఎండ తగ్గింది. ఇద్దరూ బయటికొచ్చి అబిడ్స్ వైపు నడిచారు. వాన పడి వెలిసినట్టుంది, రోడ్డు మీద షాపుల దీపాలు రెండేసిగా కనిపిస్తున్నాయి. ఒక ఇరానీ హోటల్లో మూలగా కూర్చుని రెండు చాయ్ చెప్పారు. పూలమ్మ సాసర్లో పోసుకుని ఊదుతూ, పెళ్లయిన కొత్తల్లో తను పట్నం చూసి ఎంత భయపడిందో, అతను పనికి పోయాక తలుపు గొళ్లెం పెట్టుకుని ఎట్లా కూర్చునేదో చెప్పడం మొదలుపెట్టింది. అతనికి అదేమీ తెలియదు. బయట ఆటోలు, బస్సులు, మనుషులు ఒకరిని మించి ఒకరు అరుస్తున్నారు. ఆమె మాట సరిగ్గా వినపడక అతను కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"ఊఁ, చెప్పు" అన్నాడు. "గప్పుడేమయింది?"